గ్లావెన్ నది మొదలయ్యే చోట చూడ్డానికి ఏమన్నా ఉంటుందా?

కావ్య_నారిచ్

అందరికీ నమస్కారం. మేం ఇంగ్లండ్‌లోని నారిచ్‌లో ఉంటాం. మా వాడు ఇయర్ ఫైవ్. మే నెలాఖరు హాఫ్ టర్మ్ సెలవులకి వాళ్ల టీచరు ఒక పని పెట్టారు. ఏదో ఒక నదిని పుట్టిన దగ్గర్నుంచి సముద్రంలో కలిసేదాకా చూసి, బొమ్మలు గీసి, కాస్త రాసుకు రావాలట. క్లాసులో సగం మంది థేమ్స్ అన్నారు. ఎక్కడికీ వెళ్లరు, నెట్‌లో చూసి దించేస్తారు. మావాడు మాత్రం పట్టుబట్టాడు: "మొత్తం చూడగలిగేంత చిన్న నది కావాలి."

వెతికితే నార్త్ నార్ఫోక్‌లో గ్లావెన్ దొరికింది. మొత్తం పొడవు పదిన్నర మైళ్లు, అంటే 17 కిలోమీటర్లు. బాడమ్, బేకన్స్‌థార్ప్ అనే ఊళ్ల దగ్గర మొదలై హోల్ట్ పక్కనుంచి తిరిగి, బ్లేక్‌నీ పాయింట్ వెనక సముద్రంలో కలుస్తుంది. ఇది సరిగ్గా సరిపోతుంది అనుకున్నా.

చిక్కంతా మొదలు దగ్గరే. మ్యాప్‌లో పొలాల మధ్య సన్నగా ఒక నీలం గీత కనిపిస్తుంది, మళ్లీ మాయమవుతుంది, ఇంకోచోట ఇంకో గీత మొదలవుతుంది. ఏది అసలుదో తెలీదు. మా ఆయనేమో "నదీమూలం, ఋషిమూలం అడగొద్దని పెద్దలు ఊరికే అన్లేదు, నేరుగా బీచ్‌కి పోదాం పద" అంటున్నారు. పైన నిజంగా ఏమన్నా ఉంటుందా, లేక బురద గుంట చూసి రావడమేనా? వాటర్ వోల్ అనే నీటి ఎలుక కనబడుతుందని ఎవరో అన్నారు, అది ఎక్కడ? పిల్లాడితో ఒక్క రోజులో అయ్యే పనేనా?

శేఖర్_ఇప్స్‌విచ్

మీవారి ఓటే నాదీ. గ్లాండ్‌ఫర్డ్‌లో రోడ్డు నదిలోకి దిగి అవతల పైకెక్కుతుంది, కాలినడక వాళ్లకి చిన్న వంతెన ఉంది. పిల్లలు నీళ్లలో ఆడుకోవచ్చు. పక్కనే 1915 నాటి షెల్ మ్యూజియం, బుల్లి భవనం, గంటలో చూసేయొచ్చు. అక్కడి నుంచి క్లై గాలిమర, బ్లేక్‌నీలో సీల్స్ చూపించే పడవ. రోజు గడిచిపోతుంది. పైన ఏముందండీ, చక్కెర తీసే బీట్ పొలాలు, ముళ్లకంచెలు. లెదరింగ్‌సెట్ వాటర్‌మిల్ మాత్రం వదలొద్దు, 1802 నాటి ఇటుక కట్టడం.

గట్టుమీద_రాంబాబు

శేఖర్ గారు చెప్పిన చోట్లు బాగుంటాయి, కాదనను. కానీ కావ్య గారూ, రోజులో సగమే చేతిలో ఉంటే ఆ సగాన్ని పైనే ఖర్చుపెట్టమంటా. గ్లావెన్‌లో విశేషం ఏదన్నా ఉందంటే అది ఇంకా నది అనిపించుకోని చోటే ఉంది.

నేను హోల్ట్ దగ్గర కేర్ హోమ్‌లో నైట్ డ్యూటీ చేస్తా. తెల్లారి ఇంటికి పోతూ గట్టున ఆగడం అలవాటు. తర్వాత నదిలో పురుగులు లెక్కపెట్టే వాలంటీర్లలో చేరా. కాబట్టి నా మాటల్లో కొంచెం మమకారం ఉంటుంది, అది తీసేసి చదువుకోండి.

ముందు మీవాడి బొమ్మకి పనికొచ్చే సంగతి. ఈ నది పుట్టే చోటికి సముద్రం నేరుగా నాలుగైదు మైళ్లే. అయినా అటు పోదు. మధ్యలో క్రోమర్ రిడ్జ్ అడ్డం. మంచుయుగంలో హిమానీనదాలు తోసుకొచ్చి కుప్పపోసిన ఇసుక, కంకర, బంకమట్టి గుట్టల వరుస అది. ఎత్తు వంద మీటర్ల పైచిలుకు, నార్ఫోక్‌కి అదే మహా పర్వతం. దాంతో నది సముద్రానికి వీపు చూపించి నైరుతికి బయల్దేరి, పడమరకి తిరిగి, హన్‌వర్త్, థార్నేజ్ దాటాక ఉత్తరానికి మళ్లి సముద్రాన్ని చేరుకుంటుంది. మ్యాప్ మీద కొక్కెంలా ఉంటుంది. థేమ్స్ గీసినవాడికి ఈ వంపు దొరకదు.

ఇక మీ అసలు ప్రశ్న. వాన నీళ్లు ఆ ఇసుకలో ఇంకుతాయి. కింద బంకమట్టి పొర తగలగానే ఇంక దిగలేక పక్కకి జరిగి వాలులో ఎక్కడబడితే అక్కడ చెమ్మగా బయటికొస్తాయి. అందుకే "ఇదిగో ఇక్కడ పుట్టింది" అని వేలు పెట్టి చూపించే ఒకే ఒక్క బుగ్గ ఉండదు. చాలా గీతలు ఉంటాయి, అన్నీ అసలువే. సెల్‌బ్రిగ్ పాండ్ అనే చెరువు దగ్గర మూడు పాయలు కలుస్తాయి, అక్కడి నుంచి ఒక్క నది అనుకోవచ్చు. మీవాణ్ణి మూడు గీతలూ గీయమనండి.

మొదట బేకన్స్‌థార్ప్ కోటకి వెళ్లండి. హేడన్ అనే కుటుంబం 15వ శతాబ్దంలో కట్టుకున్న ఇల్లు, తర్వాత గొర్రెల ఉన్నితో గడించారు, ఆ తర్వాత అప్పుల్లో మునిగి వాళ్లే కూల్చి అమ్ముకున్నారు. ఇప్పుడు మొండిగోడలు, కందకం, పక్కన చెరువు. పాత కట్టడాలు చూసుకునే ఇంగ్లిష్ హెరిటేజ్ వాళ్లది, టికెట్ లేదు. నదికి ఇంత దగ్గరగా, ఇంత తీరిగ్గా కూర్చునే చోటు ఈ పైభాగంలో ఇంకోటి లేదు.

తర్వాత హోల్ట్ లోస్. నా మాట విని ఇది ఒక్కటీ వదలకండి. హోల్ట్ కంట్రీ పార్క్‌లో బండి పెట్టుకుని, పైన్ చెట్ల మధ్యనుంచి దక్షిణానికి నడిస్తే హెదర్ పొదల బయలు వస్తుంది. 19వ శతాబ్దం మొదట్లో చుట్టుపక్కల భూములకి కంచెలు పడుతున్నప్పుడు ఊళ్లో పేదవాళ్లు కట్టెపుల్ల ఏరుకోవడానికి, పశువుల్ని మేపుకోవడానికి వదిలేసిన నేల. దున్నకుండా ఉండిపోయింది కాబట్టే బతికింది. ఆ బయలు వాలుగా నది వైపు దిగుతుంది, అడుగున ఊటలు. కాలు పెడితే నేల మెత్తగా కుంగి, అడుగు తీశాక మళ్లీ లేస్తుంది. ఊటలో ఒకచోట నీరు పులుపు, పది అడుగుల అవతల సున్నపు నీరు. దేనికి తగ్గ మొక్కలు దానికి ఉంటాయి.

అక్కడ మోకాళ్ల మీద కూర్చుని నాచులోకి చూడండి. సన్‌డ్యూ అనే మొక్క ఉంటుంది. ఆకు చిటికెనవేలి గోరంత, గుండ్రం. దాని మీద ఎర్రటి వెంట్రుకలు, ప్రతి వెంట్రుక కొసనా ఒక జిగట బొట్టు. ఎండకి మంచుబొట్టులా మెరుస్తుంది, కానీ మధ్యాహ్నమైనా ఆరదు. దోమ వాలితే అంటుకుపోతుంది, వెంట్రుకలు మెల్లగా దాని మీదికి వంగుతాయి. నేలలో నత్రజని లేక ఆ మొక్క ఎంచుకున్న బతుకుతెరువు అది. పదేళ్ల పిల్లాడికి ఇంతకంటే ఏం కావాలి? మే చివరికి ఆకులు బాగా విచ్చుకుంటాయి. కీల్డ్ స్కిమ్మర్ అనే నీలం తూనీగ కూడా ఇక్కడ ఉంది, అయితే అది జూన్ వస్తేగానీ సరిగ్గా కనబడదు.

ఒక హెచ్చరిక. వెచ్చటి పూట ఇలాంటి హెదర్ బయళ్లలో ఆడర్ పాములు ఎండ కాగుతుంటాయి. విషం ఉన్నదే, కానీ మనల్ని చూసి అదే తప్పుకుంటుంది. బాటమీద నడవండి, చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి.

వాటర్ వోల్ సంగతి. గుండ్రటి మొహం, మొద్దు ముక్కు, బొచ్చులో దాగిన చెవులు, బొచ్చున్న తోక. తోక నున్నగా పొడుగ్గా ఉంటే అది మామూలు ఎలుక. దాన్ని వెతక్కండి, దాని ఎంగిలి వెతకండి. గట్టున గడ్డికాడలు బెత్తెడేసి ముక్కలుగా, కత్తిరించినట్టు ఏటవాలుగా కొరికి కుప్పగా పడుంటాయి. ఆ కుప్ప కనబడ్డ చోట మాట్లాడకుండా నిలబడితే "ప్లాప్" మని నీళ్లలో పడే చప్పుడు వినిపిస్తుంది. ఒక్కోసారి దక్కేది ఆ చప్పుడే. వేసవి నడిమికి గడ్డి నిలువెత్తు పెరిగి ఏమీ కనబడదు, మీరు వెళ్లే మే నెల నయం. దాని శత్రువు ముంగిసలాంటి అమెరికన్ మింక్. ఆడ మింక్ సన్నగా ఉండి వోల్ బొరియలోకి కూడా దూరగలదు, అదీ అసలు ముప్పు. ఈస్ట్ ఆంగ్లియా అంతటా కొన్నేళ్లుగా మింక్‌ని పట్టేసే పని గట్టిగా జరుగుతోంది, దాంతో వోల్స్ తేరుకుంటున్నాయి.

కావ్య_నారిచ్

రాంబాబు గారూ, చాలా థాంక్సండీ. మావాడికి సన్‌డ్యూ గురించి చదివి వినిపిస్తే పుస్తకంలో అప్పుడే బొమ్మ వేసేశాడు, దోమతో సహా. మా ఆయన మెత్తబడ్డారు.

పురుగులు లెక్కపెట్టడం అన్నారు, అదేంటి? పిల్లాడికి చిన్న వల ఉంది, తీసుకెళ్లి నీళ్లలో దించొచ్చా? రొయ్యల్లాంటి క్రేఫిష్ దొరుకుతాయని కూడా ఎక్కడో చదివాం. ఇంకోటి, ఆ కాలువల్లో వాటర్‌క్రెస్ అనే ఆకుకూర ఉంటుందట, కోసుకోవచ్చా?

గట్టుమీద_రాంబాబు

వాటర్‌క్రెస్ ముట్టుకోవద్దు. పైన గొర్రెలో ఆవులో మేసే చోట లివర్ ఫ్లూక్ అనే పురుగు పిల్లలు ఆ ఆకులకి అంటుకుని ఉంటాయి. పచ్చిగా తింటే నేరుగా కాలేయానికే. షాపులో కొనుక్కోండి.

వల గురించి. గ్లాండ్‌ఫర్డ్ రేవులాంటి అందరూ దిగే చోట ఆడుకోనివ్వండి. పైన హోల్ట్ లోస్ ఊటల్లో, పొలాల మధ్య పాయల్లో మాత్రం వద్దు. కారణం మీరు అడిగిన క్రేఫిషే.

ఇంగ్లండ్‌కి సొంతంగా ఉన్న క్రేఫిష్ ఒక్కటే, వైట్ క్లాడ్ క్రేఫిష్. గోధుమ, ఆకుపచ్చ కలిసిన రంగు, డెక్కల అడుగు భాగం పాలిపోయి ఉంటుంది. పగలంతా రాయి కింద, వేళ్ల సందులో. గ్లావెన్ దానికి నార్ఫోక్‌లో మిగిలిన కొద్ది చోట్లలో ఒకటి. 1970ల్లో తినడానికి పెంచుదామని అమెరికా నుంచి సిగ్నల్ క్రేఫిష్‌ని తెచ్చారు. ఒంటికి పెద్దది, డెక్క అడుగు ఎరుపు. ఫారాల నుంచి తప్పించుకుని నదులెక్కింది. బలంతో తోసేయడం ఒక ఎత్తు, అది మోసుకొచ్చే తెగులు ఇంకో ఎత్తు. ఆ తెగులు దాన్నేమీ చేయదు, మనదాన్ని మాత్రం మొత్తానికి మొత్తం తుడిచేస్తుంది. తెగులు వ్యాపించడానికి సిగ్నల్ క్రేఫిష్ స్వయంగా రానక్కర్లేదు. తడి బూటు చాలు, తడి వల చాలు, తడి కుక్క కూడా చాలు. వేరే నదిలో ఆడిన వల ఆరకుండా ఇక్కడ ముంచితే పని అయిపోయినట్టే. అందుకే మేం బూట్లు కడిగి, పూర్తిగా ఆరబెట్టాకే ఇంకో చోట దిగుతాం. ఒకే రోజు రెండు చోట్ల దిగాల్సి వస్తే ముందు పైన, తర్వాత కింద, ఎప్పుడూ తిరగేసి కాదు. మీరూ రోజుని అదే వరసలో పెట్టుకోండి. సొంత క్రేఫిష్‌ని పట్టుకోవడం 1981 నాటి వైల్డ్‌లైఫ్ చట్టం కింద నేరం కూడా. పొరపాటున వలలోకొస్తే అక్కడే వదిలేయాలి.

పురుగుల లెక్క: నెలకోసారి ఒకే చోట నీళ్లలో నిలబడి, మూడు నిమిషాలు కాలితో అడుగున గులకరాళ్లని కదుపుతాం. వల కిందివైపు పట్టుకుంటాం. ఇంకో నిమిషం రాళ్లు చేత్తో తిప్పి చూస్తాం. వలలో పడ్డవి తెల్లటి ట్రేలో పోసి ఎనిమిది రకాలు ఏరుతాం. మేఫ్లై పిల్లలు, స్టోన్‌ఫ్లై పిల్లలు, ఇసుక రేణువులతో గూడు కట్టుకునే క్యాడిస్, గూడు లేని క్యాడిస్, మంచినీటి ష్రింప్ ఇలాంటివి. ఒక్కోదానికి మార్కులు. మొత్తం ఆ చోటికి పెట్టిన హద్దు కంటే తగ్గితే ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీకి ఫోన్ వెళ్తుంది. నీళ్ల పరీక్ష ఆ క్షణానికి నీళ్లెలా ఉన్నాయో చెబుతుంది. పురుగు అయితే నెలల తరబడి అక్కడే ఉంది కాబట్టి మనం లేనప్పుడు ఏం జరిగిందో కూడా చెబుతుంది.

పైభాగానికి నేనింత విలువ ఇచ్చేది కూడా అందుకే. ఆల్డర్ చెట్ల నీడలో అడుగు వెడల్పు పాయలుంటాయి. కుళ్లుతున్న ఆకు ఒకటి తిప్పితే దాని కింద ష్రింప్‌లు పక్కవాటుగా పడి చిమ్ముకుంటూ పోతాయి. ఆకుని ముక్కలు చేసేది అవి. ఆ ముక్కలు, ఆ ష్రింప్‌లు కిందికి కొట్టుకొస్తే ట్రౌట్, బుల్‌హెడ్ చేపలకి తిండి. ఊటనీరు ఏడాదంతా పది, పదకొండు డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఎండాకాలం చెయ్యి పెడితే జిల్లుమంటుంది, జనవరిలో పెడితే గోరువెచ్చన అనిపిస్తుంది. మీవాడు థర్మామీటర్ తెస్తే పైన ఒకసారి, గ్లాండ్‌ఫర్డ్‌లో ఒకసారి కొలిచి రాసుకోవచ్చు. వల కంటే అది మంచి ప్రయోగం. థర్మామీటర్ కూడా తుడుచుకోండి మరి.

బీట్‌లారీ_వెంకట్

రాంబాబన్నా, ఒక మాట. నేను ఈ పక్క పొలాల నుంచి షుగర్‌బీట్ లారీ తోల్తాను. నువ్వు చెప్పలేదు గానీ ఈ నదికి అసలు జబ్బు మట్టి. ఎర్రమన్ను కలిసిన నీళ్లు రోడ్డు వెంట పారి కాలవలో దూకడం నేను రోజూ చూస్తా. కానీ వాలంటీర్లతో మాట్లాడితే నేరమంతా రైతుదే అన్నట్టు ఉంటుంది. బీట్ తవ్వేది సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, అంటే సరిగ్గా వానల్లో. ఫ్యాక్టరీ పిలిచిన రోజు తవ్వాలి, నేల తడిగా ఉంది రేపు రా అంటే కుదరదు. పైగా ఊళ్లలో పాత ఇళ్ల సెప్టిక్ ట్యాంకులు ఎక్కడికి పోతున్నాయి? వాటిని ఎవరూ అడగరు.

గట్టుమీద_రాంబాబు

వెంకట్, సెప్టిక్ ట్యాంకుల మాట నూటికి నూరు పాళ్లు నిజం. ట్యాంకు నీళ్లు నేరుగా కాలవలోకి వదలకూడదని 2020 నుంచి రూలు ఉంది. ఉన్నంత మాత్రాన పొదల వెనక గొట్టం ఎవరికి కనబడుతుంది?

మట్టి గురించి కూడా నీతో తగువు లేదు. రైతు ఒక్కడి తప్పని నేననను, అలా అనేవాళ్లు ఉన్నారు, వాళ్లతో నాకూ పడదు. ఇది ఇసుక నేల, పైగా వాలు. ట్రాక్టరు చక్రం నొక్కిన గాడిలో నీరు ఇంకదు, కిందికి జారుతుంది. సందు రోడ్లు ఏళ్ల తరబడి అరిగి పొలాలకంటే లోతుగా ఉన్నాయి, కాబట్టి ఆ నీళ్లకి రోడ్డే కాలవ. కానీ దెబ్బ ఎక్కడ తగులుతుందో చూడు. ట్రౌట్ నవంబరు నుంచి జనవరి మధ్య గులకరాళ్లలో గుంట చేసి గుడ్లు పెడుతుంది. గుడ్డు నెలలకొద్దీ ఆ రాళ్ల సందులోనే ఉండాలి, సందులో నీళ్లు కదలాలి. నీ లారీ తిరిగే కాలమూ, దాని గుడ్లు ఉండే కాలమూ ఒకటే అయ్యాయి. సందుల్లో సన్నటి మన్ను పేరుకుంటే గుడ్డుకి ఊపిరి అందదు.

పరిష్కారాలు కూడా పైనే ఉన్నాయి. నార్ఫోక్ రివర్స్ ట్రస్ట్ వాళ్లు, రైతులు కలిసి ఈ పైభాగంలో కొన్నిచోట్ల మట్టి ఆపే గుంటలు తవ్వారు. పొలం నీరు ముందు గుంటలో నిలిచి, మన్ను దిగాక పైనీరు కాలవలోకి పోతుంది. రెండేళ్లకో మూడేళ్లకో గుంట పూడుతుంది, ఆ మన్ను తీసి పొలంలోనే వేసుకోవచ్చు. కంచె వేసిన ఒక ప్రైవేటు స్థలంలో బీవర్లని కూడా పెట్టారు. వేటతో 16వ శతాబ్దానికే ఇక్కడ మాయమైన జంతువు. ఎవరూ జీతమివ్వక్కర్లేదు, అడ్డకట్టలు అవే కట్టుకుంటాయి, మన్ను వాటి వెనక ఆగుతుంది. కావ్య గారూ, అది జనం వెళ్లే చోటు కాదు, వెతకొద్దు.

మనుషులు చేసిన పని చూడాలంటే హన్‌వర్త్ ఉంది. నది కిందటి కాలంలో తిన్నగా తవ్విన కాలవలా, రెండు పక్కలా మట్టికట్టల మధ్య పోయేది. పచ్చికబయలు పక్కనే ఉన్నా వరదనీరు దాని మీదికి ఎక్కేది కాదు. 2009 మార్చిలో ఆ కట్టలు తీసేశారు, 2010లో నదికి మళ్లీ వంపులు తవ్వారు. ముందూ వెనకా నీటిమట్టం కొలిచి పరిశోధకులు పేపర్లు కూడా రాశారు. ఇప్పుడు వరదొస్తే నీరు బయలు మీద పరుచుకుంటుంది, మన్ను గడ్డిలో వదిలేసి దిగిపోతుంది.

బీట్‌లారీ_వెంకట్

గుంటల సంగతి ఒప్పుకుంటా. మా ఓనరు పొలంలోనూ ఒకటి ఉంది, మొదట గొణిగాడు, ఇప్పుడు వచ్చినవాళ్లందరికీ అదే చూపిస్తాడు. రోడ్డు నీళ్ల గురించి మాత్రం ఎవడూ పట్టించుకోడు, అది పొలం కాదు, నది కాదు, ఎవరి ఖాతాలోనూ రాదు.

శేషు_డిస్

ఇటు దక్షిణం వైపు నుంచి ఒక మాట కలుపుతా. నేను డిస్‌లో ఉంటా. మా దగ్గర రెడ్‌గ్రేవ్ అండ్ లోఫమ్ ఫెన్ అనే చిత్తడి నేల ఉంది, సఫోక్ వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ వాళ్లది. ఒక రోడ్డుకి ఇటు పక్క వేవ్‌నీ పుట్టి తూర్పుకి పోయి గ్రేట్ యార్మత్ దగ్గర సముద్రం చేరుతుంది. అటు పక్క లిటిల్ ఊజ్ పుట్టి పడమరకి పోతుంది, గ్రేట్ ఊజ్‌లో కలిసి వాష్ అఖాతానికి. మధ్యలో ఉన్నది ఒక్క చిత్తడి నేల. నార్ఫోక్‌కీ సఫోక్‌కీ సరిహద్దు కూడా ఆ రెండు నదులే.

ఊటల దగ్గర నీళ్లు లాగితే ఏమవుతుందో చూడాలంటే ఇక్కడికి రావాలి. 1956లో ఈ ఫెన్‌లో ఎరిక్ డఫీ అనే ఆయన ఫెన్ రాఫ్ట్ స్పైడర్‌ని కనుక్కున్నారు. బ్రిటన్‌లో అప్పటిదాకా ఎవరికీ తెలీదు. కాళ్లు చాపితే అరచేతిలో సగం, నీటిమీద నిలబడి చిన్న చేపని కూడా పట్టగలదు. సరిగ్గా ఆ తర్వాతే ఫెన్ అంచున తాగునీటి బోరు వేశారు. ఊట పైకి రావడం మానేసి వాననీరే కిందికి దిగడం మొదలైంది. నేల ఎండింది, పొదలు లేచాయి, సాలీడు కొన్ని గుంటల్లో మాత్రం మిగిలింది. ఎండాకాలం ఆ గుంటల్లోకి పైపుతో నీళ్లు పోసి బతికించారు. బోరు వేరే చోటికి మార్చింది 1999లో. తర్వాత నీరు తిరిగొచ్చింది. ఆ ఏళ్లలోనే పొదలు కొట్టేశారు, పైన ఎండిపోయిన పీట్ మన్నుని గీకేశారు, గడ్డి మేయడానికి పోలండ్ జాతి కోనిక్ గుర్రాల్ని వదిలారు. 2010 నుంచి సాలీడు పిల్లల్ని వేవ్‌నీ కింది చిత్తడుల్లోకి కూడా తీసుకెళ్లి వదిలారు, అక్కడ బాగా పెరిగాయి.

పిల్లాడికి సాలీళ్లంటే భయం లేకపోతే జులైలో రండి. అప్పుడు ఆడసాలీడు నీటి పైన ఆకుల మధ్య గుడారం అల్లి పిల్లల్ని కాస్తుంటుంది, బోర్డ్‌వాక్ మీదనుంచే కనబడొచ్చు.

శేఖర్_ఇప్స్‌విచ్

సరే, నాకే చూడాలనిపిస్తోంది. రాంబాబు గారూ, కింద సగాన్ని మరీ తీసిపారేశారు కానీ.

గట్టుమీద_రాంబాబు

తీసిపారేయలేదు శేఖర్ గారూ. కింద చూడాల్సింది నదిని మనిషి ఎలా తిప్పాడన్నది. లెదరింగ్‌సెట్‌లో మిల్లు కోసం ఎత్తుకి ఆపారు. బేఫీల్డ్ హాల్ దొరగారికి ఇంటిముందు సరస్సు కావాల్సి వచ్చింది, నది ఆ సరస్సుకి లోబడింది. తర్వాత నార్ఫోక్ రివర్స్ ట్రస్ట్ వాళ్లు సరస్సు పక్కనుంచి కొత్తగా వంపుల దారి తవ్వి చేపకి తోవ ఇచ్చారు. వివ్‌టన్, క్లై, బ్లేక్‌నీ ఒకప్పుడు ఓడలొచ్చిన రేవులు. 17వ శతాబ్దంలో భూస్వాములు మేతకోసం సముద్రపు చిత్తడికి కట్టలు వేశారు, పోటు నీరు తగ్గి పాయ పూడింది. ఇప్పుడు క్లై చర్చి సముద్రానికి అంత దూరంలో, అంత పెద్దగా ఎందుకుందో చూసినవాళ్లకి అర్థం కాదు. చివరికొచ్చేసరికి గులకరాళ్ల గుట్టే లోపలికి జరుగుతూ నది నోరు మూస్తోందని 2007లో ఆ చివరి ముక్కని దక్షిణానికి జరిపారు. మీవాడు మూడో పేజీలో ఇవన్నీ వేసుకోవచ్చు.

కావ్య_నారిచ్

అందరికీ చాలా చాలా థాంక్స్. ప్లాన్ ఇలా అనుకుంటున్నాం: పొద్దున బేకన్స్‌థార్ప్ కోట, సెల్‌బ్రిగ్, తర్వాత హోల్ట్ లోస్, భోజనం, హన్‌వర్త్ వంతెన, లెదరింగ్‌సెట్ మిల్లు, గ్లాండ్‌ఫర్డ్‌లో వల, చివరికి క్లై. పై నుంచి కిందికే. ఒక్క సందేహం. మా కారు ఆ వారం సర్వీసుకి ఇచ్చే అవకాశం ఉంది. బస్సులో కుదురుతుందా? పొలాల్లోంచి నడవనిస్తారా?

గట్టుమీద_రాంబాబు

కారు లేకపోతే మొత్తం ఒక రోజులో అవదు, రెండుగా విడగొట్టండి. నారిచ్ నుంచి షెరింగ్‌హామ్‌కి రైలు, అక్కడి నుంచి హోల్ట్‌కి బస్సు. ఆవిరి రైలు నడిచే రోజైతే షెరింగ్‌హామ్ నుంచి అదే ఎక్కించండి, మీ ఆయన కూడా అడ్డుచెప్పరు. హోల్ట్ ఊళ్లోంచి కంట్రీ పార్క్‌కి నడిచిపోవచ్చు. మొదటి రోజు లోస్‌కే పెట్టుకోండి, తొందరపడితే అక్కడ ఏమీ కనబడదు. కోట మాత్రం కారున్న రోజుకి వదిలేయండి, ఆ సందు రోడ్లలో ఫుట్‌పాత్ ఉండదు, వెంకట్ లాంటివాళ్ల లారీలుంటాయి.

పొలాల్లో ఫుట్‌పాత్ హక్కు ఉన్నచోటే నడవాలి. ఓఎస్ (ఆర్డ్‌నెన్స్ సర్వే) ఎక్స్‌ప్లోరర్ మ్యాప్‌లో ఆకుపచ్చ చుక్కగీతలు అవే. నది వెంట మొదట్నుంచి చివరిదాకా ఒకే బాట లేదు, చాలాచోట్ల గట్టు ప్రైవేటు. కాబట్టి "మొత్తం నడిచాం" అని కాకుండా "అన్ని వంతెనల దగ్గరా దిగి చూశాం" అని రాయమనండి. కుక్క ఉంటే జులై ఆఖరు దాకా తాడు వేసే ఉంచాలి, నేలమీద పిట్టలు గూళ్లు పెడతాయి.

హోల్ట్ లోస్‌లో కిందికి దిగే బాట వానలకి తెగ బురదయింది. వెల్లింగ్టన్ బూట్లు తెచ్చుకోండి, ఆరినవి.